నమూనా రైలుకు పట్టా ఎక్కడ దొరుకుతుంది?



నమూనా రైలు అనగానే మనలో చాలామందికి కళ్ల ముందు మెదిలేది ఇంజను. దాని రంగు, చక్రాల మధ్య ఆడే కడ్డీలు, వెనకాల వరుసగా పెట్టెలు. ఈనాటి ప్రసంగంలో నేను ఇంజను జోలికి వెళ్లను. దాని కింద పడి ఉండే పట్టా గురించి మాత్రమే మాట్లాడతాను. అదీ రెండు మిల్లీమీటర్ల ఎత్తు కూడా లేని పట్టా. దానిని కొలతల ప్రకారం ఎవరు తయారుచేస్తారు, ఏ లోహంతో చేస్తారు, కొనేవాడు ఏం చూసి కొనాలి అన్నది మన విషయం. ఇంత చిన్న వస్తువు గురించి అరగంట మాట్లాడటమేమిటని మీకు అనిపించవచ్చు. కానీ మీరు పదో తరగతిలోనూ ఇంటర్‌లోనూ చదివిన విశిష్ట నిరోధం, దైర్ఘ్య వ్యాకోచం, తాంతవత, సాంద్రత అన్నీ ఈ సన్నని పట్టా మీదే ఒకదాని వెంట ఒకటి వచ్చి నిలబడతాయి. అందుకే దీనిని ఎంచుకున్నాను.

ముందుగా ఒక చిక్కును అర్థం చేసుకోవాలి. దుకాణంలో పెట్టెలో దొరికే పట్టా ఉండగా, కొందరు స్లీపరు తర్వాత స్లీపరు పేర్చి, చేతితో ఎందుకు పట్టా వేసుకుంటారు? ఈ పని ఎక్కువగా సాగినది బ్రిటన్‌లో. కారణం కూడా అక్కడిదే.

ప్రపంచంలో ఎక్కువగా వాడుకలో ఉన్న నమూనా కొలత హెచ్‌ఓ. అసలు రైలును 87 రెట్లు తగ్గిస్తే అది వస్తుంది. అసలు రైలులోని ఒక అడుగు అక్కడ మూడున్నర మిల్లీమీటర్లు. ఐరోపా, అమెరికాల్లోని స్టాండర్డ్ గేజ్ 1435 మిల్లీమీటర్లు కదా, దానిని 87తో భాగించండి. 16.5 మిల్లీమీటర్లు వస్తుంది. ఇంతవరకు అంతా సక్రమమే. అయితే బ్రిటన్‌లో సొరంగాలు, వంతెనలు తొలినాళ్లలోనే ఇరుకుగా కట్టేశారు. అందుచేత అక్కడి ఇంజన్లు ఐరోపా ఇంజన్ల కంటే సన్నగా, పొట్టిగా ఉంటాయి. 87 రెట్లు తగ్గిస్తే ఆ రోజుల్లోని మోటారు వాటి కడుపులో పట్టలేదు. జర్మనీకి చెందిన బింగ్ సంస్థ 1922లో బ్రిటన్ మార్కెట్టుకు బల్ల మీద నడిచే చిన్న రైలును తెచ్చిన కాలం నుంచీ ఈ ఇబ్బంది ఉన్నదే. దీనికి తయారీదారులు కనిపెట్టిన ఉపాయం ఏమిటంటే, ఇంజను, పెట్టెలను అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కన, అంటే 76.2 రెట్లు మాత్రమే తగ్గించి కాస్త పెద్దగా చేయడం. పట్టాను మాత్రం 16.5 దగ్గరే వదిలేశారు. 1938లో వచ్చిన హార్న్‌బీ డబ్లో కూడా ఇదే దారి పట్టింది. దీనినే డబుల్ ఓ అంటారు.

లెక్క చూడండి. స్టాండర్డ్ గేజ్ 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళాలు. అడుగుకు 4 మిల్లీమీటర్లంటే 18.83 మిల్లీమీటర్లు రావాలి. వేసినది 16.5. పైన ఉన్న రైలుకు కింద ఉన్న పట్టా రెండు మిల్లీమీటర్లకు పైగా ఇరుకు. పెద్దమనిషికి పిల్లవాడి చెప్పులు తొడిగినట్టు. ముందు నుంచి చూస్తే ఇంజను రెండు కాళ్లూ దగ్గరపెట్టి నిలబడ్డట్టు కనిపిస్తుంది.

ఈ లోపం ఓర్చుకోలేనివారు కొందరు 18 మిల్లీమీటర్ల దగ్గరకు జరిగారు. దానినే ఈఎం గేజ్ అన్నారు, తర్వాత దానిని 18.2కు సవరించారు. ఇంకొందరు 1960ల మధ్యలో మొత్తం కొలతలన్నీ మళ్లీ మొదటి నుంచి లెక్కకట్టి 18.83 మిల్లీమీటర్లతోనే ప్రమాణాలు రాశారు. దాని పేరు ప్రోటోఫోర్, పొట్టిగా పి4. ఈ కొలతల్లో పట్టా కావాలంటే ఒకప్పుడు ఏ దుకాణానికి వెళ్లినా సిద్ధంగా దొరికేది కాదు. చేతితో వేసుకోవడం తప్ప మార్గం లేదు. చేతితో వేయాలంటే మొదట పట్టా ముక్క కావాలి. మన కథ ఇక్కడ మొదలవుతుంది.

పట్టా కొనబోతే దుకాణదారుడు అడిగే మొదటి మాట, ఏ కోడ్ అని. కోడ్ అంటే రహస్యమేమీ కాదు. పట్టా ఎత్తును అంగుళంలో వెయ్యో వంతుల్లో చెప్పే అంకె. కోడ్ 100 అంటే ఒక అంగుళంలో వెయ్యింట వంద వంతులు, అంటే 2.54 మిల్లీమీటర్లు. కోడ్ 83 అంటే 2.1 మిల్లీమీటర్లు. కోడ్ 75 అంటే 1.9. కోడ్ 55 అంటే 1.4. కోడ్ 40 అంటే ఒక మిల్లీమీటరు, పైన పిసరంత.

ఏది సరైనదో అసలు పట్టాను కొలిస్తే తెలుస్తుంది. బ్రిటన్‌లో ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ఎక్కువగా వేసిన పట్టా గజానికి 95 పౌండ్ల బరువుది. దాని ఎత్తు 145.3 మిల్లీమీటర్లు. 76.2తో భాగించండి, 1.907 వస్తుంది. కోడ్ 75 ఎత్తు 1.905. ఇంత దగ్గరగా కుదరడం నమూనా పనిలో అరుదు. అందుకే బ్రిటన్‌లో నాలుగు మిల్లీమీటర్ల కొలతలో నిజాయితీగా పని చేసేవారందరూ కోడ్ 75 కోసమే వెతుకుతారు. బొమ్మల పెట్టెల్లో వచ్చే కోడ్ 100 పట్టాను 76.2తో హెచ్చిస్తే 194 మిల్లీమీటర్లు వస్తుంది. అంత ఎత్తు పట్టా బ్రిటన్‌లో ఎక్కడా వేయలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. కోడ్ ఎత్తును మాత్రమే చెబుతుంది, ఆకారాన్ని చెప్పదు. ఇది తెలియక డబ్బు పోగొట్టుకునేవారు చాలామంది. మన స్టేషన్లో ప్లాట్‌ఫారం అంచున నిలబడి చూస్తే కనిపించే పట్టాకు కింద వెడల్పయిన పాదం ఉంటుంది. దానిని చదునుపాదం పట్టా అనుకుందాం. బ్రిటన్‌లో 1949 ప్రాంతం వరకు ప్రమాణంగా ఉన్నది ఇది కాదు. దాని పేరు బుల్‌హెడ్. పైన లావుపాటి తల, కింద కూడా దాదాపు తల లాంటిదే, కాస్త చిన్నది. పాదం లేదు కనుక తనంతట తాను నిలబడలేదు. పోత ఇనుముతో చేసిన చైరు అనే దిమ్మలో కూర్చోబెట్టి, పక్కన కర్ర చీల దిగగొట్టి బిగించాలి.

ఈ ఆకారం ఎందుకు వచ్చిందో వింటే మీకు ముచ్చటగా ఉంటుంది. 1830లలో ఇంగ్లండులోని ఇంజనీర్లు పైనా కిందా ఒకేలాంటి తలలున్న పట్టా వేశారు. పై తల అరిగిపోగానే తిరగేసి కింది తలను వాడుకోవచ్చు, ఒక పట్టా ధరకు రెండు పట్టాలు అన్నది వారి ఆశ. తీరా తిరగేసి చూస్తే, ఇన్నేళ్లూ చైరు మీద కూర్చున్న చోటల్లా కింది తల గుంటలు పడి ఉంది. తిరగేసిన పట్టా మీద బండి దడదడలాడింది. దాంతో తిప్పే ఆశ వదిలేసి, అరిగే పై తలకు లోహం ఎక్కువ, కింది తలకు తక్కువ పెట్టారు. బుల్‌హెడ్ అలా పుట్టింది. ఈ రెండు రకాలూ మన దేశానికీ వచ్చాయి. సివిల్ ఇంజనీరింగ్ చదివే విద్యార్థులు రైల్వే పాఠంలో ఈ మూడు అడ్డుకోతల బొమ్మలూ పక్కపక్కన గీసే ఉంటారు.

కనుక కోడ్ 75 కావాలి అని మాత్రమే రాసి పంపితే చదునుపాదం పట్టా వచ్చే అవకాశం ఉంది. ఎత్తు సరిగ్గానే ఉంటుంది. కానీ బుల్‌హెడ్ కోసం పోసిన ప్లాస్టిక్ చైరులోకి ఆ పాదం దూరదు. ఎంత నెట్టినా చైరు విరుగుతుందే కాని పట్టా ఎక్కదు. కోడ్, ఆకారం, లోహం ఈ మూడూ రాస్తేనే ఆర్డరు పూర్తి అయినట్టు.

ఇక తయారీ. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో మన రైల్వేలకు పట్టాలు ఎలా చేస్తారో వినే ఉంటారు. ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మను రోలర్ల మధ్య నొక్కుతూ నొక్కుతూ ఆకారానికి తెస్తారు. నమూనా పట్టా తయారీ దీనికి పూర్తిగా వేరు. అది కంసాలి పని లాంటిది. కంసాలి కమ్మచ్చు మీరు చూశారా? గట్టి ఉక్కు పలకకు వరుసగా పెద్దవి, చిన్నవి రంధ్రాలు ఉంటాయి. బంగారు కడ్డీ కొసను సన్నం చేసి, రంధ్రంలో దూర్చి, అవతలి నుంచి పట్టుకారుతో లాగుతాడు. ఒక్కో రంధ్రంలోంచి వచ్చేకొద్దీ తీగ సన్నబడుతుంది, పొడవవుతుంది. లోహానికి ఉన్న తాంతవత అనే గుణం వల్ల ఇది సాధ్యం. నమూనా పట్టాను కూడా ఇలాగే చల్లగా ఉండగానే లాగుతారు. తేడా ఒక్కటే, చివరి రంధ్రం గుండ్రంగా ఉండదు, పట్టా అడ్డుకోత ఆకారంలో ఉంటుంది.

చల్లగా లాగిన లోహం గట్టిపడుతుంది. పట్టా స్ప్రింగులా, నిటారుగా ఉండటానికి ఈ గట్టిదనమే కారణం. దీనిని ఆరువందల డిగ్రీలకు పైగా కాలిస్తే గట్టిదనం పోయి మెత్తబడుతుంది. మనం టంకం వేసేటప్పుడు తగిలే వేడి రెండువందల డిగ్రీల చుట్టుపక్కలే కనుక ఆ భయం లేదు. రంధ్రం కూడా వాడగా వాడగా అరుగుతుంది. అరిగేకొద్దీ పట్టా వెంట్రుకవాసి లావవుతుంది. అందుకే ఒక విడతలో కొన్న పట్టాకూ, రెండేళ్ల తర్వాత కొన్న పట్టాకూ ఎత్తులో చిన్న తేడా కనిపించవచ్చు. మొత్తం పనికి కావలసినది ఒకేసారి కొనమని పెద్దలు చెప్పేది ఇందుకే.

అసలు కష్టం ఇక్కడ ఉంది. తీగలు లాగే మిల్లు మీ నాలుగు మీటర్ల కోసం యంత్రం తిప్పదు. ఎంత ఆర్డరిస్తే దానికి గిట్టుబాటవుతుందో ఊహించడానికి ఒక లెక్క వేద్దాం. అసలు పట్టా గజానికి 95 పౌండ్లంటే మీటరుకు 47 కిలోలు. ఉక్కు సాంద్రతతో భాగిస్తే అడ్డుకోత వైశాల్యం సుమారు 6000 చదరపు మిల్లీమీటర్లు. నమూనాలో వైశాల్యం 76.2 వర్గం చొప్పున, అంటే 5806 రెట్లు తగ్గుతుంది. మిగిలేది ఒక చదరపు మిల్లీమీటరు, కాస్త పైన. ఒక మీటరు పట్టా ఘనపరిమాణం ఒక ఘనసెంటీమీటరు. నికెల్ సిల్వర్ సాంద్రత 8.7 అనుకుంటే మీటరు బరువు 9 గ్రాములు.

మిల్లు కనీసం వంద కిలోలు తీసుకోవాలని అంటుందనుకోండి. వంద కిలోలను 9 గ్రాములతో భాగిస్తే 11 కిలోమీటర్ల పట్టా వస్తుంది. రెండు వరుసలుగా పరిస్తే ఐదున్నర కిలోమీటర్ల దారి. 76.2 రెట్లు పెంచితే 420 కిలోమీటర్లు. సికింద్రాబాద్‌లో మొదలుపెడితే కాజీపేట మీదుగా విజయవాడ దాటి ఏలూరు వైపు పోయేంత. ఒక మనిషి జన్మలో వేయగలిగింది ఇందులో ఎన్నో వంతు?

అందువల్ల ఈ పట్టా బజారు సరుకులా కాక, సంఘం సరుకులా నడిచింది. ఈఎం గేజ్ సొసైటీ, స్కేల్‌ఫోర్ సొసైటీ వంటి అభిరుచిపరుల సంఘాలు సభ్యుల తరఫున పెద్ద మొత్తంలో చేయించి, గూడౌనులో పెట్టి, సభ్యులకు కట్టలుగా పంచుతూ వచ్చాయి. వాటితోపాటు సి అండ్ ఎల్ వంటి చిన్న వ్యాపారులు చైర్లు, స్లీపర్లు, పట్టా మూడూ కలిపి అమ్మారు. ఇటువంటి వ్యాపారం చాలాచోట్ల ఒకరిద్దరు మనుషుల మీద ఆధారపడి ఉంటుంది. యజమాని వయసు మీరి మానుకుంటే కొత్తవారు దొరికేవరకు సరుకు ఆగిపోతుంది. సగం వేసిన స్టేషనుతో కూర్చున్నవాడికి ఇది చిన్న విషయం కాదు. డెవన్‌లోని పెకో వంటి పెద్ద సంస్థ చాలాకాలం చదునుపాదం కోడ్ 75 పట్టానే అమ్మి, 2017 ప్రాంతంలో బుల్‌హెడ్ పట్టాను కూడా సిద్ధంగా తెచ్చింది. అయితే అది 16.5 మిల్లీమీటర్ల గేజిదే. 18.83 కావలసినవారికి అది పనికిరాదు.

లోహం విషయానికి వద్దాం. నికెల్ సిల్వర్ అనగానే వెండి ఉంటుందనుకోకండి. పేరులోనే వెండి, ఒంట్లో రవ్వ కూడా లేదు. రాగి అరవై శాతానికి పైన, నికెల్ పదిహేను పద్దెనిమిది శాతం, మిగతాది జింకు. మన పాత్రల దుకాణాల్లో జర్మన్ సిల్వర్ అని అమ్మే పూజా సామగ్రి ఉంది చూశారూ, అది ఈ మిశ్రమలోహ కుటుంబమే. దీనికి పోటీ ఉక్కు. ఇత్తడి పట్టా కూడా ఉండేది కాని, దాని పసుపు రంగు చూసి చాలామంది వదిలేశారు.

ఉక్కు పట్టాకు రంగు దానంతట అదే సరిపోతుంది. తల మెరుస్తుంది, పక్కలు కాస్త తుప్పు పట్టి నిజమైన పట్టాలా కనిపిస్తాయి. నికెల్ సిల్వర్ పక్కలకు రంగు పూయాలి. కానీ తుప్పు పక్కల దగ్గరే ఆగదు గదా. విశాఖలోనో మచిలీపట్నంలోనో సముద్రపు గాలి తగిలే ఇంట్లో ఉక్కు పట్టా వేసి, వర్షాకాలం రెండు నెలలు వాడకుండా వదిలి చూడండి. పైగా ఉక్కుకు టంకం అంటాలంటే ఆమ్లపు ఫ్లక్సు కావాలి. ఆ ఆమ్లాన్ని తర్వాత శుభ్రంగా కడగకపోతే అదే తుప్పుకు మొదలు. మన వాతావరణానికి నా ఓటు నికెల్ సిల్వర్‌కే.

నికెల్ సిల్వర్‌ను కరెంటు బాగా పారుతుందని వాడతారని చాలామంది అనుకుంటారు. నిజానికి దాని విశిష్ట నిరోధం ఎక్కువ. 18 శాతం నికెల్ ఉన్న రకానికి రాగి కంటే పదిహేడు రెట్లు ఉంటుంది. ఇత్తడి, మామూలు ఉక్కు కూడా దీనికంటే మంచి వాహకాలు. దీనిని వాడేది కరెంటు కోసం కాదు. గాలిలో నెమ్మదిగా మాసిపోతుంది కనుక, చక్రానికి తగిలే చోట శుభ్రంగా ఉంటుంది కనుక, టంకం సులువుగా అంటుతుంది కనుక.

అయితే నిరోధం ఊరికే పోదు. ఒక చదరపు మిల్లీమీటరు వైశాల్యం ఉన్న ఈ పట్టాకు మీటరుకు నిరోధం సుమారు 0.28 ఓములు. మీ పట్టా పది మీటర్ల పొడవు ఉంది, ఒక కొసలో మాత్రమే సరఫరా ఇచ్చారనుకోండి. కరెంటు ఒక పట్టాలో వెళ్లి రెండో పట్టాలో తిరిగి రావాలి కనుక మొత్తం ఇరవై మీటర్లు, 5.6 ఓములు. ఇంజను అర ఆంపియరు లాగితే ఓం నియమం ప్రకారం 2.8 వోల్టులు దారిలోనే పోతాయి. 12 వోల్టులు ఇస్తే అవతలి కొసలో మోటారుకు అందేది 9.2. రైలు దూరం వెళ్లేకొద్దీ నీరసపడుతుంది. అతుకుల దగ్గర ఫిష్ ప్లేట్లు మాసిపోతే ఇంకా అధ్వాన్నం. కుర్రవాళ్లు మోటారును తిడతారు, తప్పు మోటారుది కాదు. మందు తేలికే. బల్ల కింద ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రెండు వరుసలు పరిచి, ప్రతి పట్టా ముక్కకూ చిన్న తీగతో టంకం పెట్టండి. అదే ఇరవై మీటర్లకు ఆ రాగి తీగలో పోయేది వోల్టులో పదో వంతు.

ఇక్కడ ఆగి ఒక సంగతి గమనించండి. వస్తువును 76 రెట్లు చిన్నది చేస్తే అన్నీ 76 రెట్లు చిన్నవి కావు. పొడవు 76 రెట్లు, వైశాల్యం 5806 రెట్లు, బరువు 4,42,451 రెట్లు తగ్గుతాయి. మన డబ్ల్యూఏపీ-7 ఇంజను బరువు 123 టన్నులు. నమూనాలో అది 278 గ్రాములు, ఒక మామిడికాయంత. దానిని మోసే పట్టా వైశాల్యం మాత్రం 5806 రెట్లే తగ్గింది కనుక పట్టా మీద ఒత్తిడి అసలుకు 76వ వంతు. అందుకే నమూనా పట్టా అరుగుదల గురించి బెంగ అక్కరలేదు, ఉక్కు కాకపోయినా నడుస్తుంది. నిరోధం సంగతి దీనికి తలకిందులు. పొడవు 76 రెట్లే తగ్గి వైశాల్యం 5806 రెట్లు తగ్గింది కనుక, అదే లోహం వాడినా నిరోధం 76 రెట్లు పెరుగుతుంది. గెలీలియో నుంచి వస్తున్న పాఠమిది. మీ పరీక్షలో దీనిని ఎముకల ఉదాహరణతో అడుగుతారు, పట్టాతోనూ అడగవచ్చు.

వేడి సంగతి త్వరగా చెబుతాను. నికెల్ సిల్వర్ మీటరు పొడవు, ఇరవై అయిదు డిగ్రీల వేడికి 0.4 మిల్లీమీటర్లు సాగుతుంది. ఉక్కయితే 0.3 లోపు. జనవరి తెల్లవారుజామున అతుకులు గట్టిగా కలిపి బిగిస్తే మే నెల మధ్యాహ్నం అయిదు మీటర్ల పట్టా రెండు మిల్లీమీటర్లు ఎటో ఒకవైపు ఉబకాలి. కనుక ఎండాకాలంలో వేస్తే అతుకు దగ్గర సందు దాదాపు అక్కరలేదు, చలికాలంలో వేస్తే మీటరుకు అర మిల్లీమీటరు వదలండి. అతుకు అవతలి పట్టాకు కరెంటు తీగ విడిగా ఉంటుంది కనుక సందు వల్ల నష్టం లేదు.

కట్ట ఇంటికి వచ్చాక ఏం చూడాలి? మీటరు పొడవు ముక్కలు, కొన్నిచోట్ల మూడడుగులవి, అట్టగొట్టంలో వస్తాయి. గొట్టం పలచనైతే దారిలో వంగుతుంది. మా విద్యార్థులు తెప్పించిన ఒక కట్టలో సగం ముక్కలు మధ్యలో నడుం విరిగి వచ్చాయి, అమ్మినాయన ఉత్తరానికి బదులు కూడా ఇవ్వలేదు. ఆర్డరులోనే గట్టి గొట్టం అడగండి, దానికి వేరే డబ్బు అడిగినా ఇవ్వండి. ముక్కను అద్దం పలక మీద పెట్టి దొర్లించి చూడండి. మెలిక ఉంటే వెంటనే కనిపిస్తుంది. లాగేటప్పుడు వాడిన నూనె ఇంకా అంటుకుని ఉంటుంది, స్పిరిట్ తడిపిన గుడ్డతో తుడవాలి. తర్వాత స్క్రూగేజి తీసుకుని మూడు నాలుగు చోట్ల ఎత్తు, తల వెడల్పు కొలవండి. 95 పౌండ్ల పట్టా తల రెండు ముప్పావు అంగుళాలు, నమూనాలో 0.92 మిల్లీమీటర్లు రావాలి. మీ ప్రయోగశాలలో తీగ మందం కొలిచి రికార్డులో రాసే ప్రయోగమే ఇది, ఈసారి దానికి అర్థం ఉంది.

ఎంత కొనాలన్నది ఇంకో ప్రశ్న. తిన్నని దారి మీటరుకు రెండు మీటర్ల పట్టా అని అందరికీ తెలుసు. పాయింట్ల దగ్గర లెక్క తప్పుతుంది. ఒక చిన్న పాయింటుకు కూడా పక్క పట్టాలు, కదిలే నాలుకలు, క్రాసింగ్ ముక్కు, రెక్కలు, కాపు పట్టాలు అన్నీ కలిపి మీటరుకు పైనే పడుతుంది. ఆరింట ఒకటి వాలున్న క్రాసింగ్ ముక్కును తొమ్మిదిన్నర డిగ్రీల కోణానికి ఆకురాయితో అరగదీయాలి. మొదటి రెండు మూడు ముక్కలు చెత్తబుట్టకే పోతాయి. వాటిని కూడా లెక్కలో వేసుకుని కొనండి. ఈ క్రాసింగ్ దగ్గరే పి4 కష్టం బయటపడుతుంది. అసలు దారిలో చక్రపు అంచు పోయే సందు 44 మిల్లీమీటర్లు, నమూనాలో అది 0.58. దాన్ని కొలవడానికి రూళ్లకర్ర పనికిరాదు, ఉక్కు రేకు గేజీలు కావాలి. మొదటిసారి చేసేవారు తిన్నగా పి4కు దూకవద్దని నా సలహా. రాగిరేకు అంటించిన సర్క్యూట్ బోర్డు ముక్కలను స్లీపర్లుగా కోసి, మధ్యలో రాగిని గీకి విద్యుత్తు కలవకుండా చేసి, ఒక అడుగు తిన్నని దారి వేయండి. ప్లాస్టిక్ చైర్లను అతికించే బ్యూటనోన్ ఆవిరి మంచిది కాదు, కిటికీ తెరిచి పని చేయండి. సీసం కలిసిన టంకం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా అన్నం ముందు కూర్చోవద్దు.

ఇదంతా బ్రిటన్ రైలు గురించి కదా, మన రైలును చేయాలంటే ఎలా అని మీరు అడుగుతారు. మన బ్రాడ్ గేజ్ అయిదున్నర అడుగులు, 1676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ కొలతలో 19.26 రావాలి. దుకాణంలో దొరికే 16.5 పట్టా మీద మన రైలును నడిపితే అది రెండు ముప్పావు మిల్లీమీటర్లు ఇరుకు. అంటే బ్రిటన్ వారి పాత జబ్బు మనకు ఇంకా ఎక్కువగా ఉందన్న మాట. అడుగుకు 4 మిల్లీమీటర్ల కొలత తీసుకుంటే మన గేజ్ సరిగ్గా 22 మిల్లీమీటర్లు. ఎంత చక్కటి అంకె! ఐర్లండులో గేజ్ అయిదడుగుల మూడు అంగుళాలు కనుక అక్కడి ఔత్సాహికులు 21 మిల్లీమీటర్లతో చేతితో పట్టా వేసుకుంటారు. వారిది మనకు దగ్గర దారి.

పట్టా సంగతి చూద్దాం. ఇప్పుడు మన ప్రధాన మార్గాల్లో ఉన్న 60 కిలోల పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు. హెచ్‌ఓలో 1.98 మిల్లీమీటర్లు, కోడ్ 75కూ 83కూ మధ్య. 52 కిలోల పట్టా ఎత్తు 156, హెచ్‌ఓలో 1.79, అది కోడ్ 70కి అచ్చంగా సరిపోతుంది. ఆవిరి ఇంజన్ల కాలపు శాఖామార్గం చేయాలనుకుంటే గజానికి 90 పౌండ్ల పట్టా, ఎత్తు 142.9. నాలుగు మిల్లీమీటర్ల కొలతలో అది 1.875, అంటే కోడ్ 75 చదునుపాదం. ఇవన్నీ నేటికీ బయట దేశాల నుంచి తెప్పించుకోవలసినవే. పట్టా ధర కంటే పార్సెలు ఖర్చు ఎక్కువ కావచ్చు కనుక, ఒక కళాశాలలో నలుగురైదుగురు కలిసి ఒకే గొట్టంలో తెప్పించుకోవడం తెలివైన పని. చైర్ల బెడద మనకు లేదు. చదునుపాదం పట్టాను సర్క్యూట్ బోర్డు స్లీపరు మీద నేరుగా టంకంతో అంటించవచ్చు. అసలు పట్టా ఇరవైకి ఒకటి చొప్పున లోపలికి వాలి ఉంటుంది. మొదటి దారిలో ఆ వాలును వదిలేసినా ఎవరూ పట్టుకోలేరు, నేను తప్ప.

ఒక లెక్క మీకే వదిలిపెడుతున్నాను. ఎన్ అనే ఇంకా చిన్న కొలత ఉంది, 160 రెట్లు తగ్గించినది. దానిలో చాలాకాలం కోడ్ 80 పట్టా అమ్మారు. 160తో హెచ్చించి, ఆ పట్టా నిజంగా ఉంటే ఎంత ఎత్తు ఉండేదో చూడండి. తర్వాత మన 52 కిలోల పట్టాకు ఆ కొలతలో ఏ కోడ్ కావాలో కనుక్కోండి. వచ్చిన సమాధానం కోడ్ 38 దగ్గర ఉంటే మీ లెక్క సరైనదే. కోడ్ 40 పట్టా కట్టలుగా దొరుకుతుంది, ఎత్తు తేడా మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు.